పద్నాలుగు దాటాక, పద్దెనిమిది లోపు

లెక్చరరు: నా మాట ముందే చెప్పేస్తాను. 18 ఏళ్లు నిండేదాకా పిల్లలు కూలికి పోకూడదు. ప్రమాదమున్న పని, ప్రమాదం లేని పని అని రెండుగా చీల్చి, ఒకటి వద్దని ఇంకొకటి కానిచ్చినంత కాలం మనం ఏదీ ఆపలేం. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించినప్పుడు జరిగింది ఇదే. 14 లోపు వాళ్లకి పని నిషేధించారు. సొంత కుటుంబం నడుపుకునే వృత్తిలో బడి అయ్యాక సాయపడడానికీ, సినిమాల్లో టీవీల్లో నటించడానికీ మినహాయింపులు పెట్టారు. 14 నుంచి 18 దాకా ఉన్నవాళ్లకి మాత్రం గనులు, మండే సరుకు, పేలుడు సామగ్రి, ప్రమాదకరమని జాబితాకెక్కిన పనులు తప్ప మిగతావన్నీ సరేనన్నారు. ఇటు విద్యాహక్కు చట్టం చూడండి, 6 నుంచి 14. పిల్లని బడికి రప్పించే పూచీ ప్రభుత్వం మీద నుంచి ఏ పుట్టినరోజున దిగిపోతుందో, అదే పుట్టినరోజు నుంచి ఆ పిల్లని పనిలో పెట్టుకోవచ్చు.

యూనియన్ నాయకుడు: రోగం మీరు చెప్పినట్టే ఉంది మేడం. మందు దగ్గరే మనకి తేడా. నాకు కనపడే 16 ఏళ్ల పిల్లాడు ఇప్పటికే పనిలో ఉన్నాడు. టీ కొట్లో ఉన్నాడు, పంక్చరు షాపులో ఉన్నాడు, బట్టల షోరూంలో ఉన్నాడు. వాడిచేత పని మానిపించడం ఎలాగని మీరు ఆలోచిస్తున్నారు. చేసిన పనికి డబ్బు వాడి చేతికి వచ్చిందా అని నేను ఆలోచిస్తున్నాను. చట్టం వాడికి ఏం రాసిచ్చిందో ఎంతమందికి తెలుసు? ఏకబిగిన మూడు గంటలకు మించి పని చేయించకూడదు. ఆ తర్వాత గంటసేపు విశ్రాంతి ఇవ్వాలి. విశ్రాంతితో, పని కోసం కూచున్న సమయంతో కలిపి ఆరు గంటల్లో అంతా అయిపోవాలి. రాత్రి 7 నుంచి ఉదయం 8 దాకా పని చెప్పకూడదు. ఓవర్‌టైం కూడదు. ఒకచోట చేసిన రోజున ఇంకోచోట చేయించకూడదు. వారానికొక రోజు పూర్తి సెలవు. హోటలైనా, దుకాణమైనా, వర్క్‌షాపైనా, పొలమైనా ఇదే. నేను కొత్తగా ఏమీ అడగడం లేదు. 1986లో చిన్నపిల్లల పేరు మీద రాసినవే ఇవి, 2016లో కౌమారుల పేరు మీదకి మార్చారు. వీటిని అమలు చేయమంటున్నాను, అంతే.

లెక్చరరు: అమలు చేస్తే ఏమవుతుందో ఎప్పుడైనా లెక్కేశారా అన్నా? ఉదయం 8కి ముందు వద్దు, రాత్రి 7 తర్వాత వద్దు. ఆ మధ్యలో ఉన్నది కాలేజీ సమయం. ఇంటర్ చదివే పిల్లాడు సాయంత్రం ఇంటికొచ్చేసరికి 5 అవుతుంది. వాడికి చట్టం ప్రకారం మిగిలేది రెండు గంటలు. రెండు గంటల మనిషిని ఎవరు పెట్టుకుంటారు? రాత్రి పని వద్దన్నది పిల్లల మేలు కోరి రాసిందే, అందులో తప్పు పట్టను. కాని మీరు చెప్పిన ఈ నియమాలన్నీ అక్షరాలా పాటించి పనిచేయగలిగినవాడు కాలేజీ మానేసినవాడే. చదువుకుంటూ పనిచేసేవాడు ఎప్పుడూ నియమం తప్పే చేయాలి. అలాంటి చట్టాన్ని పిల్లల హక్కు అని నేనెలా అనగలను?

యూనియన్ నాయకుడు: ఇది కాదనలేను. ఆదివారాలు, వేసవి సెలవులు ఉన్నాయని అనొచ్చు గాని, అది సరిపోయే జవాబు కాదు. ఈ గంటలు రాసినప్పుడు బడి ఉన్న పిల్లాణ్ణి దృష్టిలో పెట్టుకోలేదు. పెట్టుకుని రాసిన చట్టాలు ఉన్నాయి. అమెరికాలో 14, 15 ఏళ్ల పిల్లలు బడి ఉన్న రోజున మూడు గంటలు, బడి నడిచే వారంలో 18 గంటలకు మించి చేయకూడదు. మామూలు రోజుల్లో రాత్రి 7 దాకా, వేసవిలో 9 దాకా. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన తెలుగువాళ్ల పిల్లలు ఎండాకాలం ఐస్‌క్రీం షాపులో నిలబడితే, ఇక్కడ తాతలు, అమ్మమ్మలు నలుగురికీ చెప్పుకుని మురిసిపోతారు. అక్కడ పనిచేస్తే ప్రయోజకుడు, ఇక్కడ పనిచేస్తే బాలకార్మికుడు. తేడా పనిలో లేదు మేడం, పనికి చుట్టూ వేసిన కంచెలో ఉంది. ఆ కంచె ఇక్కడా వేయండి అంటున్నాను.

లెక్చరరు: తేడా కంచెలో లేదు, వంటింట్లో ఉంది. అక్కడి పిల్లాడు సోమవారం పని మానేస్తే వాళ్లింట్లో ఏ పూటా తిండి ఆగదు. మేనేజరు కసిరితే ఏప్రన్ విప్పి బల్ల మీద పెట్టి వచ్చేస్తాడు. అలా వచ్చేయగలగడమే వాడికున్న అసలు హక్కు, మిగతావన్నీ దాని తర్వాతే. మన పిల్లాడు అలా రాగలడా? ఇంకో సంగతి. మీరు చెప్పిన ఆ దేశంలోనే పొలం పనికి లెక్క వేరు. తల్లిదండ్రులు ఒప్పుకుంటే 12 ఏళ్లకే పొగాకు చేలో దించొచ్చు. దిగుతున్నది ఎక్కువగా వలస వచ్చిన కూలీల పిల్లలే. చట్టం ఎంత పకడ్బందీగా రాసినా, పేదవాడి పిల్లాడు పనిచేసే చోటికొచ్చేసరికి అందులో ఒక కంత ఉంటుంది.

యూనియన్ నాయకుడు: మన పిల్లాడు ఎందుకు రాలేడో నేను చెబుతాను. ఆకలి ఒక్కటే కారణం కాదు. మొదటి నెల జీతం యజమాని వెనక పెట్టుకుంటాడు. మానేస్తే అది పోతుంది. పండక్కి ఇస్తానంటాడు, పండగ దాటిస్తాడు. 2015 బాలల న్యాయచట్టంలో 79వ సెక్షన్ ఉంది. 18 లోపు వాళ్లని పనిలో పెట్టుకుని, కట్టు బానిసగా ఉంచినా, వాళ్ల సంపాదన ఆపినా, దాన్ని సొంతానికి వాడుకున్నా ఐదేళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల జరిమానా. కూలి ఎగ్గొట్టినందుకు పెద్దవాళ్ల విషయంలో ఇంత శిక్ష లేదు. ఇంత పదునైన సెక్షన్ చేతిలో ఉండి, ఏ పిల్లాడూ లేబర్ ఆఫీసు మెట్లెక్కడు. ఎందుకంటే ఫిర్యాదు చేస్తే ముందుగా జరిగేది వాణ్ణి ‘రక్షించడం’. తెలంగాణలో ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ అని పోలీసులు, కార్మిక శాఖ వాళ్లు కలిసి తిరుగుతారు. వాళ్ల కష్టాన్ని తక్కువ చేయను. 2015 జనవరిలో పాతబస్తీ గాజుల కార్ఖానాల్లోంచి బీహారు పిల్లల్ని బయటికి తెచ్చినప్పుడు దేశమంతా చూసింది. గాలి ఆడని గదుల్లో, కొలిమి పక్కన లక్క పని చేస్తున్న పిల్లలు వాళ్లు. అక్కడ కావలసింది రక్షించడమే. కాని 16 ఏళ్ల వాడు రెండు నెలల బకాయి అడగడానికొస్తే కావలసింది బకాయి. వాణ్ణి హోంలో పెట్టి, తండ్రిని పిలిపించి, కాగితం మీద సంతకం తీసుకుని పంపిస్తే, వాడికి అందిన పాఠం ఒకటే. నోరెత్తితే ఉన్నదీ పోతుంది.

లెక్చరరు: రక్షించడం అక్కడితో ఆగిపోతే మీ మాట ఒప్పుకుంటాను. ఆగనివ్వని పద్ధతి మన నేల మీదే పుట్టింది. రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి చేసిన పని చూడండి. బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్నారు వాళ్లు. జీతగాడిగా ఉన్నా, ఇంట్లో తమ్ముణ్ణి ఎత్తుకుని ఉన్నా ఒకటే లెక్క. పేదరికం వల్ల పంపలేకపోతున్నారన్న మాటని వాళ్లు ముందు ప్రశ్నించారు. పక్కపక్క ఇళ్లలో ఒకే కూలి చేసుకునే రెండు కుటుంబాలు ఉంటాయి, ఒకరు బడికి పంపుతారు, ఒకరు పంపరు. అలాంటప్పుడు అడ్డం పడుతున్నది డబ్బొక్కటే కాదు కదా. ఊరంతా ‘మన ఊళ్లో పిల్లలు పనికి పోరు’ అనుకునే దాకా తిరిగారు. మధ్యలో చదువు ఆగినవాళ్లకి శిబిరాలు పెట్టి వయసుకు తగ్గ తరగతిలో చేర్చారు. ఆ పనికే ఫౌండేషన్ నడిపిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. నాలుగు గంటలు బడి, నాలుగు గంటలు పని అన్న రాజీకి వాళ్లు ఒప్పుకోలేదు. ఒప్పుకుని ఉంటే ఆ పల్లెల్లో ఇప్పటికీ సగం రోజు జీతగాళ్లు ఉండేవాళ్లు.

యూనియన్ నాయకుడు: ఆ పని మీద నాకున్న గౌరవం మీకున్నదానికి తక్కువ కాదు. కాని ఆ శిబిరాల పిల్లాడు పదో తరగతికి వచ్చాక? అక్కడి నుంచే మన తగువు మొదలవుతుంది. 2023లో అసర్ విద్యా సర్వే పల్లెల్లోని 14 నుంచి 18 ఏళ్ల వాళ్లని చూసింది. 86.8 శాతం మంది ఏదో ఒక చదువులో పేరు రాయించుకున్నారు. మంచిదే. కాని 14 ఏళ్ల వాళ్లలో చదువులో లేనిది 3.9 శాతం, 18 ఏళ్లకి వచ్చేసరికి 32.6 శాతం. మొత్తం మీద పావువంతు మంది సొంత భాషలో రెండో తరగతి పాఠం తడబడకుండా చదవలేకపోయారు. పదేళ్లు బడిలో కూర్చుని రెండో తరగతి పాఠం రాని పిల్లాణ్ణి, ఇంకో నాలుగేళ్లు కూర్చో, బయటికి పోతే నేరం అంటే వాడికి అది చదువులా కనపడుతుందా? వాడు పంక్చరు షాపులో ఆర్నెల్లలో బండి మొత్తం విప్పి బిగించడం నేర్చుకున్నాడు. జీవితంలో మొదటిసారి ‘వీడికి పని వచ్చు’ అనిపించుకున్నాడు. ఆ మాట వాడికి బడిలో ఎవరూ అనలేదు.

లెక్చరరు: ఆ మాట వాడికి బడిలో ఎవరూ అనకపోవడం మా తప్పు. లెక్చరరుగా ఒప్పుకుంటున్నాను. కాని మా తప్పుకి శిక్ష వాడికి వేయకండి. బడి సరిగా చెప్పకపోతే బడిని సరిచేయాలి గాని, పిల్లాణ్ణి షాపువాడికి అప్పగించకూడదు.

యూనియన్ నాయకుడు: ఎవరూ అప్పగించడం లేదు, వాడే వెళ్తున్నాడు. ఆపితే ఎక్కడికి పోతాడన్నదానికి ఒక పాఠం ఉంది. 1993లో అమెరికా సెనేటర్ టామ్ హార్కిన్ ఒక బిల్లు తెచ్చాడు, పిల్లలు కుట్టిన బట్టలు తమ దేశంలోకి రానివ్వకూడదని. అది చట్టం కానేలేదు. ఆ భయానికే బంగ్లాదేశ్ గార్మెంట్ ఫ్యాక్టరీలు పిల్లల్ని బయటికి పంపేశాయి. యునిసెఫ్ లెక్కలో సుమారు 50 వేల మంది. వాళ్లలో చాలామంది బడికి పోలేదు. రాళ్లు కొట్టడానికి, వీధుల్లో తిరగడానికి, అంతకన్నా ఘోరమైన వాటికి పోయారు. ఇక్కడి సంగతికొస్తే, ప్రశాంత్ భరద్వాజ్, లియా లక్డావాలా, నికొలస్ లీ అనే ఆర్థికవేత్తలు మన 1986 చట్టం తర్వాతి లెక్కలు తీశారు. నిషేధం వచ్చాక పిల్లల కూలి రేటు పడింది, దాంతో పేద ఇళ్లు ఇంకా ఎక్కువ మంది పిల్లల్ని పంపాయి అని తేల్చారు. దొంగచాటు పనికి దొంగచాటు కూలే దొరుకుతుంది.

లెక్చరరు: బంగ్లాదేశ్‌లో జరిగింది ఘోరం, దాన్ని సమర్థించను. కాని ఏం జరిగిందో పూర్తిగా చెప్పండి. బయటికి పంపారు, వెళ్లడానికి బడి లేదు, ఇంటికి రూపాయి లేదు. 1995లో ఫ్యాక్టరీల సంఘం, అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌ఓ), యునిసెఫ్ కలిసి ఒప్పందం చేసుకుని బడులు పెట్టి, పిల్లలకి నెల నెలా భత్యం ఇచ్చాకే ఏదో ఒక దారి కనపడింది. నిషేధం తప్పని అది చెప్పడం లేదు. ఒట్టి నిషేధం తప్పని చెబుతోంది. నేను ఒట్టి నిషేధం అడగడం లేదు. విద్యాహక్కు 18 దాకా పెంచండి. ఇంటర్ ఉచితం చేయండి, హాస్టలుతో సహా. అది లేకుండా నేను నిషేధమన్న మాట ఎత్తను.

యూనియన్ నాయకుడు: ఆ రెండూ వచ్చేదాకా?

లెక్చరరు: వచ్చేదాకా మీరు వాళ్లకి హక్కులు రాసిస్తే, అవి రావాల్సిన తొందర ఎవరికీ ఉండదు. నా భయం అదే. ‘పిల్లలు పనిచేస్తున్నారు, చక్కగా కార్డులు ఇచ్చాం, గంటలు చూస్తున్నాం’ అని ప్రభుత్వం చేతులు దులుపుకుంటుంది. చెడ్డ ఏర్పాటుని భరించగలిగేలా చేస్తే అది నూరేళ్లు బతుకుతుంది. 2017 జూన్‌లో మన దేశం ఐఎల్‌ఓ 138వ ఒడంబడికకి ఒప్పుకుంది. చదువు తప్పనిసరిగా ఉండే వయసు కన్నా పనిలో చేరే వయసు తక్కువ ఉండకూడదంటుంది అది. మామూలుగా 15 అని చెప్పి, వెనకబడ్డ దేశాలకి 14 పెట్టుకోనిచ్చింది. మనం 14 ఎంచుకున్నాం. తప్పనిసరి చదువు 18కి పెరిగిన రోజున పని వయసూ దానంతట అదే పెరగక తప్పదు. అందుకే ఎవరూ పెంచడం లేదేమో అనిపిస్తుంది నాకు.

యూనియన్ నాయకుడు: మీ భయం నిజమైనదే. కాని ఈ లెక్కలో పిల్లల మాట ఎవరైనా అడిగారా? కర్ణాటకలో భీమ సంఘం అని పనిచేసే పిల్లల సంఘం ఉంది. 1996లో కుందాపురంలో ఎన్నో దేశాల నుంచి పనిచేసే పిల్లలు వచ్చి కూర్చుని మాట్లాడుకున్నారు. తాము చేసిన సరుకుల్ని కొనవద్దనడాన్ని వ్యతిరేకించారు. గౌరవంగా పని కావాలన్నారు. చదువుకీ ఆటకీ సమయం మిగిలేలా పని గంటలు ఉండాలన్నారు. మాకోసం ఏం నిర్ణయించినా మమ్మల్ని అడగమన్నారు. మన దేశంలో 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టమే 15 నిండినవాళ్లు సంఘంలో సభ్యులు కావచ్చు అని రాసింది. తెల్లవాడి కాలంలో రాసింది! నాయకత్వానికి 18 కావాలంది గాని సభ్యత్వానికి 15 చాలంది. మా యూనియన్లు ఆ తలుపు ఎన్నడూ తీయలేదు, అది మా లోపం. పెద్దవాళ్ల ఉద్యోగాలు పోతాయని, పిల్లల్ని చేర్చుకుంటే పిల్లల పనిని ఒప్పుకున్నట్టవుతుందని వెనక్కి తగ్గాం.

లెక్చరరు: సభ్యుడు కాగలడు, సరే. ఒప్పందం చేసుకోగలడా? మైనరు చేసిన ఒప్పందం చెల్లదని 1903లోనే ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. ఇంకా బాధ కలిగించేది 1949 నాటి బొంబాయి హైకోర్టు తీర్పు. రాజ్ రాణి అనే మైనరు నటి తరఫున ఆమె తండ్రి ఒప్పందం రాసుకున్నాడు, నటుడు ప్రేమ్ అదీబ్ సినిమాలో వేషానికి. తర్వాత వేషం వేరేవాళ్లకి ఇచ్చారు. ఆ పిల్ల కోర్టుకి వెళితే, ఒప్పందమే చెల్లదు కాబట్టి నువ్వూ అడగలేవు, మీ నాన్నా అడగలేడు అన్నారు. బేరం ఆడే శక్తి లేని మనిషిని బేరం జరిగే చోట నిలబెట్టి, పక్కన హక్కుల పుస్తకం పెడితే ఏం ప్రయోజనం?

యూనియన్ నాయకుడు: అందుకే నేను ఒప్పందం మీద ఆధారపడనంటున్నాను. చట్టం ఇచ్చినదానికి ఒప్పందంతో పని లేదు. పనిలో చనిపోతే ఇచ్చే పరిహారానికి 1923 చట్టంలో వయసులవారీగా పట్టిక పెట్టారు. అది 16 ఏళ్లు, అంతకు లోపు వయసుతో మొదలవుతుంది, 228.54 అనే గుణకంతో. నెల జీతంలో సగాన్ని దాంతో గుణిస్తారు. అంటే ఆ వయసువాళ్లు పనిలో చచ్చిపోతారని చట్టానికి తెలుసు, వాళ్ల ప్రాణానికి అన్నిటికన్నా పెద్ద గుణకం ఇచ్చింది. 1982లో ఏషియాడ్ స్టేడియాల కూలీల కేసులో సుప్రీంకోర్టు, కనీస వేతనం కన్నా తక్కువకి చేయించుకుంటే అది వెట్టిచాకిరీ, రాజ్యాంగం 23వ అధికరణకి విరుద్ధం అంది. ఆ రక్షణకి వయసు లేదు. 16 ఏళ్ల వాడికి తక్కువిచ్చినా వెట్టే.

లెక్చరరు: వయసు లేదంటున్నారు. 1948 కనీస వేతనాల చట్టం పెద్దలకో రేటు, కౌమారులకో రేటు, పిల్లలకో రేటు పెట్టుకోవచ్చని చెప్పింది కదా! తక్కువకి వస్తారనే వాళ్లని పెట్టుకుంటారు. సీడ్ పత్తి చేలు చూశారా మీరు? గద్వాల వైపు, నంద్యాల వైపు. సాయంత్రం వరసల్లో నడుస్తూ, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గల్ని ఏరి, గోటితో రేకులూ లోపలి కేసరాలూ ఒలిచి, గుర్తు పెట్టి వదులుతారు. తెల్లారి మగపువ్వులు తెచ్చి, ఒలిచిన పువ్వు మీద పుప్పొడి రుద్దుతారు. క్రాసింగ్ అంటారు. గోరు కొంచెం లోతుగా దిగితే కాయ పోతుంది. నెలల తరబడి రోజూ చేయాలి, ఒక్క రోజు తప్పినా ఆ పూత వృథా. వంగిన నడుము లేవదు, నిన్న కొట్టిన మందు ఇంకా ఆకుల మీద ఉంటుంది. దావులూరి వెంకటేశ్వర్లు గారు ఏళ్ల తరబడి చేసిన అధ్యయనాలు చెప్పింది ఇదే. ఈ పనికి ఆడపిల్లల్నే పెట్టుకుంటారు, అడ్వాన్సు ముందే తండ్రి చేతిలో పెడతారు. వేళ్లు సన్నగా ఉంటాయని పైకి చెబుతారు. ఎదురు చెప్పరు, తక్కువ తీసుకుంటారు అన్నది లోపలి మాట. ఆ చేలో నిలబడి మీరు ‘మూడు గంటలకోసారి విశ్రాంతి’ అనగలరా?

యూనియన్ నాయకుడు: అనలేను. ఆ చేలోంచి ఆడపిల్లల్ని బయటికి తేవాల్సిందే. కాని ఆ పిల్లని ఇంటికి పంపితే ఏం జరుగుతుందో మీకూ తెలుసు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో 18 నిండకుండా పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. బడి లేదు, పని లేదు అంటే ఆ ఇంట్లో తర్వాతి మాట సంబంధం చూడడమే. చేతిలో నాలుగు డబ్బులున్న పిల్ల ‘ఇంకో ఏడాది ఆగు నాన్నా’ అంటే వింటారు.

లెక్చరరు: వింటారు, ఆ డబ్బు కోసమే. కట్నం పోగయ్యేదాకా వింటారు. తమిళనాడు స్పిన్నింగు మిల్లుల్లో సుమంగళి పథకం అని నడిపారు. మూడేళ్లు పనిచేస్తే చివర్లో ఒకే మొత్తం ఇస్తాం, పెళ్లికి పనికొస్తుంది అని. పేరుకి అప్రెంటిస్‌లు. మధ్యలో జబ్బు చేసి ఇంటికొస్తే ఆ మొత్తం దక్కేది కాదు. 1961 అప్రెంటిస్ చట్టం అప్రెంటిస్‌ని కార్మికుడు కాదు, శిక్షణ పొందేవాడు అంటుంది. పని నేర్పుతున్నాం అన్న మాట చాటున ఎంతైనా దాచొచ్చు. పంక్చరు షాపు పిల్లాడికీ అదే చెబుతారు. నేర్పుతున్నాంగా, జీతమెందుకు అని.

యూనియన్ నాయకుడు: ఇక్కడ మీతో కలుస్తాను. చివర్లో ఒకేసారి ఇస్తామనే జీతం ఏ రూపంలో ఉన్నా నేరంగా చూడాలి. వారం వారం బట్వాడా జరగాలి, డబ్బు పిల్లల పేరున్న ఖాతాలో పడాలి. పదేళ్లు దాటినవాళ్లు సొంతంగా ఖాతా నడుపుకోవచ్చని రిజర్వు బ్యాంకు ఎప్పుడో ఒప్పుకుంది. తండ్రి చేతికి ఇచ్చే అడ్వాన్సు ఒక్కటి ఆపితే సగం పాపం ఆగుతుంది. కాని మేడం, మీరు చెప్పిన ఉచిత చదువు లెక్క కూడా చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో పిల్లల్ని చదివించే తల్లులకని పెట్టిన అమ్మ ఒడి పథకం 2020లో మొదలైనప్పుడు తల్లి ఖాతాలో ఏడాదికి 15 వేలు వేశారు. చిన్న సాయం కాదు. నెలకి పంచితే 1,250 అవుతుంది. మీ కాలేజీ పిల్లలు క్యాటరింగ్‌కి వెళ్లేది ఎందుకు మరి?

లెక్చరరు: వెళ్తారు. పెళ్లిళ్ల సీజనులో మొదటి పీరియడుకి వెనక బెంచీలు నిద్రపోతుంటాయి. ఏరా అంటే రాత్రి క్యాటరింగ్ మేడం అంటారు. మధ్యాహ్నం మేస్త్రీ ఫోన్ చేస్తాడు, తెల్లచొక్కా నల్లప్యాంటు వేసుకుని రమ్మంటాడు, వ్యానులో ఎక్కిస్తాడు. మొదటి బంతి ఏడున్నరకి మొదలైతే ఆఖరి బంతి ముగిసేసరికి పన్నెండు దాటుతుంది. మరుగుతున్న సాంబారు బకెట్ పట్టుకుని, నీళ్లు ఒలికిన గ్రానైట్ నేల మీద వరసకి వరస పరిగెత్తాలి. తర్వాత గుండిగలు కడగాలి, కుర్చీలు ఎత్తాలి. వాళ్లు తినేది అందరూ తిన్నాక, ఏది మిగిలితే అది. ఇంటికొచ్చేసరికి రెండు. ఒకడి కాలి మీద సాంబారు పడి బొబ్బలెక్కితే మేస్త్రీ బర్నాల్ కొనిచ్చి, ఆ రాత్రి కూలిలోంచి పట్టుకున్నాడు.

యూనియన్ నాయకుడు: ఆ పిల్లాడికి పరిహార చట్టం కింద హక్కుంది. పని మధ్యలో దెబ్బ తగిలింది కాబట్టి మేస్త్రీనే కాదు, అసలు కాంట్రాక్టరునీ అడగొచ్చు. వైద్యం ఖర్చు కూలిలోంచి కోసుకోవడానికి వీల్లేదు. ఇది వాడికి ఎవరైనా చెప్పారా?

లెక్చరరు: చెప్పలేదు. క్యాటరింగ్ మానెయ్యి, పరీక్షలున్నాయి అని నేను చెప్పాను. వాడి పరీక్ష ఫీజుకే వెళ్లాడని తర్వాత తెలిసింది.

యూనియన్ నాయకుడు: అందుకే నేను హక్కులంటున్నాను.

లెక్చరరు: అందుకే నేను ఫీజు ఉండకూడదంటున్నాను. ఇంకోటి అడుగుతాను, సూటిగా చెప్పండి. మీ చట్టం ప్రకారం వాణ్ణి 7 గంటలకి ఇంటికి పంపాలి. అంటే మొదటి బంతి మొదలవకముందే. 7కి పంపాల్సిన పిల్లాణ్ణి రాత్రి పెళ్లికి ఎవరు పిలుస్తారు?

యూనియన్ నాయకుడు: ఎవరూ పిలవరు. నా హక్కులు నిజంగా అమలైతే వాడికి ఆ పని పోతుంది, ఆ సంగతి నాకు తెలుసు. అలా పోతే నేనేమీ ఏడవను. కాని అప్పటిదాకా చేసిన రాత్రులకి డబ్బు రావాలి, కాలిన కాలికి వైద్యం జరగాలి. మీరిప్పుడు నాకు చెప్పండి. గంటల నియమం తప్పినందుకు కాంట్రాక్టరుకి పడేది ఎక్కువలో ఎక్కువ నెల జైలు, లేదా 10 వేల జరిమానా, లేదా రెండూ. మీ నిషేధం వస్తే రెండేళ్ల దాకా జైలు, 50 వేల దాకా జరిమానా. అంత భయం పెడితే వాడు పిల్లల్ని మానేస్తాడా, లేక 18 నిండినట్టు ఆధార్ కాపీ తెచ్చుకోమంటాడా?

లెక్చరరు: కొందరు మానేస్తారు, కొందరు కాపీ తెమ్మంటారు. తెమ్మన్నవాడి దగ్గర పిల్లాడు ఇప్పటికన్నా దిక్కులేనివాడవుతాడు. ఒప్పుకుంటున్నాను. దానికి నా దగ్గర ఉన్న జవాబు ఒక్కటే, ఆ రాత్రి వాడు అక్కడికి వెళ్లాల్సిన అవసరం లేకుండా చేయడం. 15 వేలు చాలకపోతే ఎంత చాలుతుందో లెక్కగట్టి ఇవ్వాలి. పట్టుబడిన యజమాని కట్టే జరిమానాతో పునరావాస నిధి పెట్టి, ఒక్కో పిల్లకి ప్రభుత్వం 15 వేలు కలపాలని ఈ చట్టంలోనే ఉంది. పట్టుబడ్డాక ఇచ్చే డబ్బు, పనికి వెళ్లకముందే ఇవ్వొచ్చు కదా?

యూనియన్ నాయకుడు: ఇవ్వొచ్చు. ఇచ్చేదాకా నేను వాడి కూలి సంగతి అడుగుతూనే ఉంటాను.

లెక్చరరు: అడగండి. నేను వాడి హాజరు సంగతి అడుగుతూనే ఉంటాను. నాకింకా మీ దారి మీద నమ్మకం లేదు.

యూనియన్ నాయకుడు: నాకూ మీ దారి మీద లేదు. అయినా ఈ మాటలు చదివేవాళ్లని ఒకటి కోరతాను. 18 లోపు పిల్లలు పనిచేస్తూ కనపడితే బాలల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తారు, మంచిదే. చేసినప్పుడు వయసు చెప్పి ఊరుకోకండి. ఆ పిల్లని అడిగి, ఎన్నాళ్ల నుంచి చేస్తోందో, ఎంత రావాలో, ఎవరు ఆపారో కూడా చెప్పండి. ఆ బకాయి వసూలయ్యేదాకా మళ్లీ మళ్లీ అడగండి.

లెక్చరరు: ఏ తరగతిలో చదువు ఆగిందో, ఎందుకు ఆగిందో కూడా అడిగి చెప్పండి. ఆ పిల్ల బడిలోనో కాలేజీలోనో తిరిగి చేరిందా లేదా అన్నది జూన్‌లో ఒకసారి వెళ్లి కనుక్కోండి.